మా ఫోన్ నంబరు మీకిచ్చింది ఇందుకు కాదు

సోషల్ నెట్‌వర్కింగ్ సైట్లు, యాప్‌లు నడుపుతున్న సంస్థల నిర్వాహకులకు, వాటి తరఫున మా నుంచి డబ్బు వసూలు చేసిపెడుతున్న మొబైల్ కంపెనీల వారికి,

నమస్కారం.

మీ దగ్గర ఖాతా తెరిచేటప్పుడు ఫోన్ నంబరు అడుగుతారు, ఇస్తాం. ఎందుకు అడుగుతున్నారో కూడా అక్కడే రాసి ఉంటుంది: ఖాతా భద్రంగా ఉండటానికి, పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ లోపలికి రావడానికి. ఆ మాట నమ్మే ఇస్తాం. తీరా ఆ నంబరుకు వచ్చేవి వేరే. "మీ ప్రొఫైల్ ఎవరో చూశారు, ఎవరో తెలుసుకోండి." "మీ కోసం కొత్త సందేశాలు ఎదురుచూస్తున్నాయి." "మీ స్నేహితురాలు మిమ్మల్ని పిలుస్తోంది, ఈ లింకు నొక్కండి." పగలూ రాత్రీ తేడా లేదు. కొన్నాళ్లకు ఫోన్ బిల్లులోనో, ప్రీపెయిడ్ బ్యాలెన్సులోనో, కార్డు స్టేట్‌మెంటులోనో మనమెరగని పేరు మీద చిన్న మొత్తం కట్ అయి ఉంటుంది. అది దేనికో కనుక్కోవడానికి పట్టే సమయం చూసి చాలామంది పోనీలే అని ఊరుకుంటారు. వచ్చే నెల మళ్లీ కట్ అవుతుంది.

ఈ లేఖ బహిరంగంగా రాయడానికి కారణం ఒక్కటే. విడివిడిగా ఫిర్యాదు చేస్తే వచ్చేది "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే ముందే రాసిపెట్టిన జవాబు. ఈ గోడు ఒక్కరిది కాదు కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను.

ముందు నంబరు సంగతి. భద్రత కోసమని తీసుకున్న నంబరును భద్రతకే వాడాలి. ఇది చెప్పించుకోవలసిన మాట కాదు, కానీ చెప్పాల్సి వస్తోంది. 2013 మే నుంచి 2019 సెప్టెంబరు దాకా ట్విట్టర్ ఖాతా భద్రత పేరుతో 14 కోట్లకు పైగా జనం దగ్గర ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు తీసుకుని, వాటినే ప్రకటనలు గురిపెట్టడానికి వాడుకుందని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. 2022లో ఆ సంస్థ 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. 2019లో ఫేస్‌బుక్ మీద 500 కోట్ల డాలర్ల జరిమానా పడినప్పుడు, ఆ ఫిర్యాదులో ఉన్న అంశాల్లో ఇదీ ఒకటి. తాళం బాగుచేయడానికి వచ్చిన మనిషి తాళంచెవికి నకలు చేయించుకుని పోయినట్టుంది ఈ వ్యవహారం.

2018 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగే ఏర్పాటు) కోసం ఫేస్‌బుక్‌కు నంబరు ఇచ్చినవాళ్లలో కొందరికి, స్నేహితులు ఏం పోస్టు చేశారో చెబుతూ ఎస్సెమ్మెస్‌లు రావడం మొదలైంది. విసిగిపోయి "ఇక పంపకండి" అని వాళ్లు జవాబిస్తే, ఆ జవాబు వాళ్ల సొంత ప్రొఫైల్ మీద అందరికీ కనబడేలా పోస్టయింది. అది సాఫ్ట్‌వేర్ లోపమని సంస్థ చెప్పింది. లోపమే అనుకుందాం. భద్రత గురించి శ్రద్ధ ఉన్నవాళ్లే ఆ ఏర్పాటు పెట్టుకుంటారు. ఆ శ్రద్ధ చూపినవాళ్లకే ఈ ఇబ్బంది ఎదురైతే, ఇంకోసారి ఎవరు నంబరు ఇస్తారు? నంబరు తీసేయడమే మేలనుకుని ఉన్న రక్షణ కూడా వదులుకుంటారు. మీ మార్కెటింగ్ విభాగానికి కలిసొచ్చిన లాభం ఎంతో నాకు తెలియదు కానీ, దాని నష్టం మాత్రం మా ఖాతాల మీద పడుతుంది.

రెండోది మా కాంటాక్ట్స్. ఒక మనిషి ఫోన్‌లో ఉండే పేర్ల జాబితా ఆ మనిషి ఒక్కరిదే కాదు. అందులో డాక్టరు ఉంటారు, పిల్లల టీచరు ఉంటారు, పదేళ్ల క్రితం ఇల్లు అద్దెకిచ్చిన ఆవిడ ఉంటుంది, మాటలు లేని బంధువు ఉంటాడు, మళ్లీ ముఖం చూడకూడదనుకుని బ్లాక్ చేయడం కోసమే నంబరు దాచుకున్న మనిషీ ఉంటాడు. "స్నేహితులను వెతుకుదామా?" అని మీరు అడిగినప్పుడు మేం అనుకునేది తెలిసినవాళ్లెవరైనా ఇక్కడ ఉన్నారేమో చూపిస్తారని. ఆ జాబితా మొత్తం మీ సర్వర్లకు ఎక్కుతుందనీ, అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ మా పేరు మీద ఆహ్వానాలు వెళ్తాయనీ ఎవరూ అనుకోరు.

పాత్ అనే యాప్ అయితే, కాంటాక్ట్స్ వెతకమని చెప్పని వాళ్ల ఫోన్లలోంచి కూడా జాబితాను తీసుకుందని 2013లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకున్నందుకు అదే కేసులో 8 లక్షల డాలర్ల జరిమానా పడింది. ట్యాగ్డ్ అనే సైటు 2009లో ఇలాగే చిరునామాల జాబితాలు తీసుకుని, ఫొటోలు చూడమంటూ ఆరు కోట్లకు పైగా ఈమెయిళ్లు పంపిందని న్యూయార్క్ రాష్ట్ర అధికారులు చర్యకు దిగితే 5 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. ఉద్యోగ పరిచయాల సైటు లింక్డిన్ మీద, వాడేవాళ్ల పేరుతో వాళ్ల కాంటాక్ట్స్‌కు ఆహ్వానాలు పంపిందని పడిన కేసు వీటికంటే ఎక్కువ నేర్పుతుంది. మొదటి ఆహ్వానం పంపడానికి వాడేవాళ్లు అనుమతి ఇచ్చారని కోర్టు ఒప్పుకుంది. అవతలి మనిషి స్పందించకపోతే వాళ్ల పేరు మీదే వెళ్లిన రెండు రిమైండర్లకు మాత్రం అనుమతి ఉందనడానికి ఒప్పుకోలేదు. 2015లో లింక్డిన్ 1.3 కోట్ల డాలర్లతో ఆ కేసు పరిష్కరించుకుంది. ఒకసారి సరే అన్నంత మాత్రాన ప్రతిసారీ సరే అన్నట్టు కాదు. నేను అడుగుతున్న దానిలో ముఖ్యమైన ముక్క అదే.

ఇలా మనిషి పేరు మీద వెళ్లే మెసేజ్ ఆ మనిషి పోయాక కూడా ఆగదు. చనిపోయిన స్నేహితుడి పేరుతో "నన్ను ఇక్కడ కలవండి" అని ఆహ్వానం వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. మీ దృష్టిలో అది ఎంగేజ్‌మెంట్ పెంచడానికి మెషీన్ పంపిన రిమైండర్. అందుకున్న మనిషికి ఆ రోజంతా పని చేతికి రాదు.

మీ దగ్గర అసలు ఖాతాయే లేనివాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఫేస్‌బుక్‌లో ఎప్పుడూ చేరని ఒకాయనకు, "మీ ఖాతాలోకి కొత్త పరికరం నుంచి ఎవరో లాగిన్ అయ్యారు" అంటూ ఆ సంస్థ నుంచి మెసేజ్‌లు వచ్చాయి. ఆపమని చెప్పినా ఆగలేదని ఆయన కేసు వేశారు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్ 1న కోర్టు ఏకగ్రీవంగా ఫేస్‌బుక్ వైపే తీర్పిచ్చింది, 1991 నాటి చట్టం ఆంక్షలు పెట్టిన ఆటోమేటిక్ డయలర్ (ఏవో నంబర్లను యథాలాపంగానో వరసగానో తీసుకుని కాల్స్, మెసేజ్‌లు పంపే యంత్రం) నిర్వచనంలోకి ఆ వ్యవస్థ రాదని. చట్టం మాట వేరు. ఆయన అడిగింది మాత్రం చాలా చిన్నది: నాకు మీతో సంబంధం లేదు, నా నంబరు తీసేయండి. ఆ మాట వినడానికి ఒక మనిషి, ఒక చిరునామా లేకపోవడం వల్లే కదా ఆయన కోర్టుకెక్కింది! ఒకరు వదిలేసిన నంబరును మొబైల్ కంపెనీలు కొంతకాలం ఆగి ఇంకొకరికి ఇస్తాయని మీ అందరికీ తెలుసు. అమెరికాలో అలా చేతులు మారిన నంబర్లు సరిచూసుకోవడానికి 2021 నుంచి ప్రత్యేక డేటాబేస్ కూడా ఉంది. కొత్త సిమ్ తీసుకున్న పాపానికి పాత యజమాని లాగిన్ కోడ్‌లు, స్నేహాలు, అలకలు అన్నీ మా ఫోన్‌కు రావడం మాకూ మంచిది కాదు, ఆ పాత మనిషికీ మంచిది కాదు.

మెసేజ్ వస్తే ఏమైంది, చూసి వదిలేయొచ్చు కదా అని మీలో కొందరు అనుకుంటారేమో. మా పెద్దమ్మకు స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇలాంటి మెసేజ్‌లే. తను అడగని లాగిన్ కోడ్ ఒకటి వచ్చిందంటే చాలు, చేస్తున్న పని ఆపి ఫోన్ చేస్తుంది. "ఏమ్మా, నా ఫోన్లోకి ఎవరైనా దూరారా? బ్యాంకులో డబ్బులు ఉన్నాయో లేదో చూడవూ?" అని. ఏం కాలేదు పెద్దమ్మా అని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు, ఎందుకంటే అది నిజంగా మీరు పంపిందో, మోసగాడు పంపిందో చూసి చెప్పడం నాకూ కష్టమే. మీ మెసేజ్‌లు వచ్చేది కూడా ముక్కూముఖం తెలియని పొట్టి నంబర్ల నుంచే. వాటిలోనూ ఎక్కడికి తీసుకెళ్తాయో తెలియని కురచ లింకులే. "వెంటనే చూడండి, లేకపోతే పోతుంది" అనే తొందరా అదే. మోసగాళ్లు వాడే పద్ధతి, మీరు వాడే పద్ధతి ఒకేలా ఉంటే, లింకు కనబడితే నొక్కడం మాకు అలవాటు చేస్తున్నది ఎవరు? రోజూ ఇన్ని వచ్చిపడుతుంటే, నిజంగా మా ఖాతా మీద దాడి జరిగినప్పుడు మీరు పంపే హెచ్చరిక ఎవరి కంట పడుతుంది?

ఇక డబ్బు.

మీ ఫ్రీ ట్రయల్ పేజీని దగ్గరగా చూడమని కోరుతున్నాను, మీరు గీయించుకున్న డిజైన్‌లా కాకుండా, కళ్లజోడు పెట్టుకుని ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకునే మనిషిలా. పెద్ద రంగు బటన్ మీద "ఉచితంగా మొదలుపెట్టండి" అని ఉంటుంది. దాని కింద లేత బూడిద రంగులో, తెల్లటి తెర మీద కంటికి ఆనీఆనని అక్షరాల్లో, ఏడు రోజుల తర్వాత ఎంత కట్ అవుతుందో ఉంటుంది. ఒక్కోసారి నెల ధర చూపించి ఏడాది మొత్తం ఒకేసారి తీసుకుంటారు. ఉచితమే అయితే కార్డు నంబరు ఎందుకు అడుగుతున్నారు అనే ప్రశ్న వచ్చేసరికే సగంమంది బటన్ నొక్కేసి ఉంటారు.

రద్దు చేసుకోవాలంటే దారి వేరేలా ఉంటుంది. సెట్టింగ్స్, అందులో ఖాతా, అందులో చెల్లింపులు, అందులో సభ్యత్వం, అప్పుడు "నిజంగా వెళ్లిపోతారా?", తర్వాత ఎందుకు వెళ్తున్నారో చెప్పమనే జాబితా, తర్వాత సగం ధర ఆఫర్, ఆ తర్వాత రెండు బటన్లు. పెద్దది "ఉండిపోతాను". చిన్నది రద్దు. చాలామంది ఈ చివరి తెర దాకా రాకుండానే, యాప్ తీసేస్తే పీడ పోతుందనుకుని ఫోన్లోంచి తొలగిస్తారు. పోదు. యాప్ స్టోర్ ద్వారా తీసుకున్న సభ్యత్వం యాప్ తీసేసినా నడుస్తూనే ఉంటుంది, కట్ అవుతూనే ఉంటుంది. ఈ సంగతి యాప్ తీసేసే క్షణంలో చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

పెళ్లి, ప్రేమ, స్నేహం పేరుతో నడిచే సైట్లలో ఇది మరీ ఎక్కువ. అక్కడికి వచ్చేవాళ్లు ఒంటరితనంతో వస్తారు. "ఒకరికి మీరు నచ్చారు" అని మెసేజ్ పంపి, ఎవరో చూడాలంటే డబ్బు కట్టమంటారు. తామే మోసపు ఖాతాలుగా అనుమానించినవాటి నుంచి వచ్చిన పలకరింపులను కూడా ఇలా ఎర చూపారని 2019లో డేటింగ్ సైట్లు నడిపే మ్యాచ్ సంస్థ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. ఆ ఆరోపణ కోర్టులో నిలబడలేదు. సభ్యత్వం రద్దును కష్టం చేశారన్న విషయం సహా మిగిలిన ఆరోపణల మీద 2025లో 1.4 కోట్ల డాలర్లు కట్టడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. న్యాయస్థానం ఏమన్నా సరే, ఒంటరి మనిషి ఆశను బిల్లుగా మార్చే పద్ధతిని సమర్థించుకోవడం మీ మనసుకు ఎలా ఒప్పుతుంది?

మొబైల్ కంపెనీల వారూ, మీరు పక్కన నిలబడి చూస్తున్నవారు కాదు. జాతకాలు, ప్రేమ చిట్కాలు, రింగ్‌టోన్లు అంటూ అడగని ప్రీమియం మెసేజ్‌లు (అందుకున్నందుకు డబ్బు పడేవి) పంపి, నెలకు 9.99 డాలర్ల చొప్పున ఫోన్ బిల్లులో కలిపిన వ్యవహారం అమెరికాలో బయటపడినప్పుడు ఏం తేలింది? ఆ వసూళ్లలో మూడో వంతుకు పైగా మొబైల్ కంపెనీలే ఉంచుకున్నాయన్నది ప్రభుత్వ ఆరోపణ. 2014లో ఏటీ అండ్ టీ 10.5 కోట్ల డాలర్లు, టీ మొబైల్ కనీసం 9 కోట్లు, 2015లో వెరిజాన్ 9 కోట్లు, స్ప్రింట్ 6.8 కోట్లు ఇచ్చి రాజీ చేసుకున్నాయి. బిల్లులో ఆ మొత్తాలు ఎవరికీ అర్థంకాని పొట్టి పేర్లతో, వేరే ఖర్చుల మధ్య కలిసిపోయి ఉండేవి. ప్రీపెయిడ్ వాడేవాళ్లకైతే బిల్లే ఉండదు. బ్యాలెన్స్ తరిగిపోయిందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. వాళ్లలో ఎక్కువమంది ప్రతి పైసా లెక్క చూసుకునేవాళ్లే. ఇది మీకు తెలియని విషయం కాదు.

పిల్లల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీనిలో వాదించడానికేమీ లేదు. 2019 జనవరిలో కోర్టు బయటపెట్టిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో, ఆటలు ఆడే పిల్లలు తల్లిదండ్రుల కార్డు మీద నిజమైన డబ్బు ఖర్చవుతోందని కూడా తెలియకుండా కొనేస్తున్న సంగతి ఉద్యోగుల చర్చల్లోనే ఉంది. తెలిసిన రోజే ఆపాల్సింది.

ఇవన్నీ అడిగితే మీ జవాబు ఒకటే: "మీరు షరతులకు ఒప్పుకున్నారు." మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు, సగమే అన్నారు. మీరు మా మౌనాన్ని పూర్తి సంతకంగా లెక్కేసుకుంటున్నారు. ముందే టిక్ పెట్టి ఉన్న పెట్టెను తీసేయకపోవడం అనుమతి కాదని 2019 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చి చెప్పింది. డబ్బు కట్టాల్సి వస్తుందన్న మాట బటన్ మీదే స్పష్టంగా ఉండాలని అక్కడ 2014 నుంచే నియమం అమల్లో ఉంది. ఆన్‌లైన్‌లో తీసుకున్న సభ్యత్వాన్ని రద్దు చేసుకోవడానికి సైటులోనే బటన్ ఉండాలని జర్మనీ 2022 జూలై నుంచి తప్పనిసరి చేసింది. భారత ప్రభుత్వం 2023 నవంబరు 30న 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను, అంటే వాడేవాళ్లను బోల్తా కొట్టించే డిజైన్ ఎత్తుగడలను, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. దాచిన ఛార్జీలు, బయటికి రానివ్వని సభ్యత్వాలు, పదేపదే సతాయించడం అన్నీ అందులో ఉన్నాయి. చట్టం పట్టుబట్టిన చోట మీ ఇంజినీర్లు ఇవన్నీ చేసి చూపించారు. అంటే చేతకాక కాదు.

అందుకని అడుగుతున్నాను. భద్రత కోసం తీసుకున్న నంబరును విడిగా ఉంచండి, దానికి కోడ్‌లు, హెచ్చరికలు తప్ప ఇంకేదీ పంపకండి. కాంటాక్ట్స్ జాబితా మొత్తం అడగకుండా, ఎవరిని పిలవాలో పేరు పేరునా మమ్మల్నే ఎంచుకోనివ్వండి. మా పేరు మీద రిమైండర్లు అసలే వద్దు. మీ దగ్గర ఖాతా లేనివాళ్లు తమ నంబరు తీసేయించుకోవడానికి, లాగిన్ అవసరం లేని పేజీ ఒకటి పెట్టండి. "ఆపండి" అని ఎవరు ఏ మాటల్లో చెప్పినా, మా భాషలో చెప్పినా, ఆగాలి. అమెరికాలో 2025 ఏప్రిల్ నుంచి అలాంటి అభ్యర్థనను పది పనిదినాల్లోపు అమలు చేయాలనే నిబంధన ఉంది. మెషీన్ చేసే పనికి పది రోజులు కూడా ఎక్కువే. ఆపమని పంపే మెసేజ్‌కు ఛార్జీ వేయడం మాత్రం క్షమించరానిది, దాన్ని ఈ రోజే మానుకోండి.

ధర బటన్ మీదే ఉండాలి, బటన్ అక్షరాలంత సైజులో. ట్రయల్ అయిపోవడానికి ముందు ఒక మెసేజ్ పంపండి. మీరు పంపేవాటన్నిటిలో మేం నిజంగా కోరుకునేది అదొక్కటే. ఎన్ని నొక్కులతో చేరామో అన్ని నొక్కులతో బయటపడగలగాలి. మొబైల్ కంపెనీలు బయటి సంస్థల ఛార్జీలను మొదటి నుంచీ మూసిపెట్టాలి, కావాలనుకున్నవాళ్లు అడిగి తెరిపించుకుంటారు. తెరిపించుకున్నవాళ్ల బిల్లులో ఆ మొత్తం విడి లైనులో, సేవ పూర్తి పేరుతో, ఎలా ఆపాలో చెబుతూ కనబడాలి.

ఇప్పటిదాకా పోయిన డబ్బు సంగతి కూడా ఉంది. ఫిర్యాదు చేసినవాళ్లకు మాత్రమే తిరిగి ఇస్తే, గొడవెందుకని ఊరుకున్నవాళ్లు, అసలు గమనించనివాళ్లు నష్టపోతారు. ఒక్కసారి కూడా యాప్ తెరవకుండా నెలల తరబడి డబ్బు కడుతున్న ఖాతాలు ఎన్ని ఉన్నాయో మీ రికార్డుల్లో ఉంటుంది. వాళ్లకు మీరే రాయండి. సభ్యత్వం కావాలా వద్దా అని అడగండి, జవాబు రాకపోతే ఆపేయండి, వాడని నెలల డబ్బు తిరిగి వేయండి.

వీటిలో ఏవి చేస్తారో, ఏ తేదీ నుంచి చేస్తారో, ఏవి చేయరో, ఎందుకు చేయరో, మీ సైటు మొదటి పేజీలోనే ప్రకటించండి. ఆ జవాబు కింద బాధ్యత గల ఒక అధికారి పేరు ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ సైట్లు వాడుతున్నవారి తరఫున, వాడకపోయినా మీ మెసేజ్‌లు అందుకుంటున్నవారి తరఫున
ఒక వినియోగదారు